డంపింగ్ యార్డు దగ్గరి బోరు: నీళ్లు ఎర్రబారుతుంటే ఏం చేయాలి?

నల్లగొండ వైపు బోరు నీళ్లు బాగోలేవంటే అందరి నోటా వచ్చే మాట ఫ్లోరైడ్. కానీ ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పాత మున్సిపల్ డంపింగ్ యార్డు దగ్గర మీ బోరు ఉండి, తేడా కంటికే తెలుస్తుంటే వేరే కారణం వెతకాలి.

సమస్య: పట్టినప్పుడు తేటగా ఉన్న బకెట్ నీళ్లు కాసేపటికి ఎర్రబారతాయి, పైన నూనెలాంటి తెట్టు కడుతుంది.

ముందు మోటారు అరగంట నడపండి. మొదటి బకెట్లే ఎర్రబారి, తర్వాతివి తేటగా ఉంటే అది చాలావరకు కేసింగ్ (బోరులో దించే గొట్టం) తుప్పే. ఎంతసేపు నడిపినా అంతే అయితే ఇనుము నీళ్లలోనే ఉంది. తెట్టును పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే ఇనుము బ్యాక్టీరియా పని, విడిపోయి మళ్లీ కలిస్తే నూనె.

కారణం: చెత్తగుట్టలోంచి దిగే నల్లటి మురుగు భూగర్భజలంలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. అప్పుడు మట్టిలోని ఇనుము, మాంగనీసు కరుగుతాయి, పైకొచ్చి గాలి తగలగానే ఇనుము తుప్పవుతుంది. మన దగ్గర కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, నీళ్లు దాని పగుళ్ల వెంట పోతాయి. అందుకే యార్డు పక్క బోరు బాగుండి, రెండు పొలాల అవతలిది చెడొచ్చు. దూరం చూసి ధైర్యం చెప్పేవాళ్లను నమ్మొద్దు.

నిర్ధారణ: ల్యాబులో ఫ్లోరైడ్‌తో ఆగకుండా క్లోరైడ్, అమ్మోనియా, నైట్రేట్, ఇనుము, సీసం కూడా చూడమనండి. యార్డుకు ఎగువన ఉన్న బోరు నీళ్లూ ఇవ్వండి, పోల్చడానికి అదే ఆధారం. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, సీసం 0.01 దాటకూడదు. నైట్రేట్ ఒక్కటే ఎక్కువుంటే ఎరువులనో సెప్టిక్ ట్యాంకునో అనుమానించాలి.

పరిష్కారం: తాగడానికి, వంటకు ఆ బోరు ఆపేసి మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వాడండి. మరిగిస్తే నైట్రేట్, సీసం పోవు సరికదా ఇంకా చిక్కబడతాయి. ఇంకా లోతుకు వేయించడం చాలాసార్లు డబ్బు దండగ, పై మురుగుకు కిందికి దారి చూపినట్టే.

అసలు పని యార్డులో జరగాలి. పాత చెత్తను తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టే బయోమైనింగ్‌కు స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశలో నిధులు కేటాయించారు. ప్లాస్టిక్, గుడ్డలు సిమెంట్ బట్టీలకు పోతాయి. మిగిలిన సన్నమట్టిని సీసం లాంటి భారలోహాల పరీక్ష లేకుండా పొలాలకు తోలించుకోవద్దు.

గుట్ట ఎత్తేసినా పగుళ్లలో చేరిన మురుగు ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి చదును చేసి పార్కు పెడతామని మున్సిపాలిటీ వాళ్లంటే, భూగర్భజలం పరీక్షించే పరిశీలన బోర్లు ఎక్కడ వేస్తారో అడగండి. వానలకు ముందోసారి, తర్వాతోసారి పరీక్ష చేయించి, ఫలితాలు వార్డు ఆఫీసు గోడకు అంటించమనండి.