కానుగ నూనెతో రియాక్టర్ బ్లాక్ అవుతుంటే: నా అనుభవం

వరంగల్‌లో నా పీహెచ్‌డీ పని కానుగ నూనె నుంచి విమాన ఇంధనం తీసే నికెల్-మాలిబ్డినం క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం) మీద. రెండో రోజుకే రియాక్టర్‌లో ప్రెషర్ డ్రాప్ (లోపలికి వెళ్లే చోటికీ బయటికొచ్చే చోటికీ మధ్య పీడనం తేడా) పెరిగిపోయేది, అంటే లోపల దారి మూసుకుపోతోందన్నమాట. క్యాటలిస్ట్ మార్చాను, హైడ్రోజన్ పెంచాను, టెంపరేచర్ తగ్గించాను, ఫలితం లేదు.

బెడ్ (రియాక్టర్‌లో క్యాటలిస్ట్ గింజలు నింపిన భాగం) విప్పితే పై గింజలు మాత్రం పాకంలో పల్లీల్లా అతుక్కుపోయి ఉన్నాయి. కింద శుభ్రంగా ఉంది. అప్పుడు అనుమానం నూనెలోని ఫాస్ఫోలిపిడ్ల (పచ్చి నూనెలో ఉండే జిగురు పదార్థాలు) మీదికి మళ్లింది.

నూనెను 70 డిగ్రీలకు వేడిచేసి, కొద్దిగా సిట్రిక్ యాసిడ్ ద్రావణం పోసి అరగంట తిప్పాను. తర్వాత నూటికి మూడు పాళ్లు వేడినీళ్లు కలిపి, రాత్రంతా కదపకుండా వదిలేశాను. పొద్దునకి అడుగున గోధుమరంగు జిగురు! పై నూనె తీసి, వేడినీళ్లతో కడిగి, వాక్యూమ్‌లో ఆరబెట్టి వడగట్టాను. ఆ తర్వాత మూడు రన్‌లు ఆగకుండా నడిచాయి.

నాది గానుగలో తీసిన పచ్చి నూనె. వాడేసిన వంటనూనెకు ఇదే పనిచేస్తుందని చెప్పలేను. బెడ్ అంతా నల్లబడితే మాత్రం అది బహుశా కోక్ (పేరుకుపోయిన కార్బన్), దానికి దారి వేరు.