తెలుగులో లైనక్స్ – 4వ పాఠం: నిలవని కీబోర్డు లేఅవుట్

గత పాఠంలో డెస్క్‌టాప్‌కు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌ను (భారతీయ భాషలకు ప్రమాణంగా పెట్టిన మీటల అమరికను) చేర్చుకుని, కె, ఎన్, ఎక్స్ మీటలను వరుసగా నొక్కితే ‘కలం’ అనే మాట తెరమీద పడేదాకా వచ్చాం. చాలామందికి అసలు ఇబ్బంది ఆ తరువాతే మొదలవుతుంది. రాత్రి చక్కగా పనిచేసిన తెలుగు, పొద్దున కంప్యూటరు తెరిచేసరికి ఉండదు. యూఎస్‌బీ కీబోర్డు తీసి మళ్ళీ పెట్టగానే ఇంగ్లీషు వచ్చేస్తుంది. ఒక్కోసారి ఏమీ చేయకుండానే, రాస్తున్న వాక్యం మధ్యలో లేఅవుట్ మారిపోతుంది. ఈ పాఠం ఆ ఒక్క సమస్యకే కేటాయించాను. ఎప్పటిలాగే కమాండ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

మీట నొక్కినప్పుడు కీబోర్డు నుంచి కంప్యూటరుకు అక్షరం చేరదు, ఒక అంకె చేరుతుంది. ఉదాహరణకు క్యూ మీటకు లైనక్స్ మూలభాగమైన కెర్నెల్ ఇచ్చే సంఖ్య 16; తెరనూ కీబోర్డునూ చూసుకునే ప్రోగ్రామైన ఎక్స్ సర్వరు దానికి 8 కలిపి 24గా లెక్కిస్తుంది. ఆ 24ను ఏ అక్షరంగా చూపాలో చెప్పే పట్టికనే మనం లేఅవుట్ అంటున్నాం. లేఅవుట్ మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండు ఇచ్చినప్పుడు జరిగేదల్లా సర్వరు జ్ఞాపకంలో ఉన్న పట్టిక స్థానంలో మరో పట్టిక చేరడమే. డిస్కు మీద ఏ ఫైలులోనూ ఒక్క అక్షరమైనా మారదు. కాబట్టి ఆ తరువాత ఏ ప్రోగ్రామైనా, ఏ కారణం చేతనైనా పట్టికను మళ్ళీ నింపవలసి వస్తే, అది తన దగ్గర రాసి ఉన్నదాన్నే తెచ్చి నింపుతుంది, మనం కమాండుతో చెప్పిన మాట దానికి తెలియదు. లేఅవుట్ తనంతట తాను చెరిగిపోదు, ఎవరో దాన్ని తిరగరాస్తారు. ఆ తిరగరాసేవారు ఎవరో పట్టుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవలసిన విద్య.

ఇక్కడ ఒక అలవాటును గట్టిగా వద్దంటాను. లేఅవుట్ పోయిందనగానే చాలామంది సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండును లాగిన్ కాగానే నడిచే స్క్రిప్టులో పెట్టేస్తారు. అది డెస్క్‌టాప్ కన్నా ముందు నడిస్తే డెస్క్‌టాప్ దాన్ని చెరిపేస్తుంది. అందుకని పది సెకన్లు ఆగి నడిచేలా మారిస్తే, లాగిన్ వరకు సరిపోతుంది గానీ కీబోర్డు తీసి పెట్టినప్పుడు మళ్ళీ మొదటికే వస్తుంది. నేనూ చాలాకాలం అలాగే చేశాను. అసలు కారణం తెలిసేదాకా నా స్క్రిప్టు నిడివి పెరిగిందే తప్ప సమస్య తీరలేదు. మీ దగ్గర అలాంటి స్క్రిప్టు ఉంటే ఈ పాఠం మొదలుపెట్టేముందే దాన్ని తీసివేయండి, లేకపోతే కింది పరీక్షలేవీ నిజం చెప్పవు.

మొదట మీ సెషన్ ఎక్స్ సర్వరు మీద నడుస్తోందో, దాని స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్ మీద నడుస్తోందో చూడండి. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగులలో సిస్టం వివరాలు తెరిస్తే విండోయింగ్ సిస్టం అనే వరుసలో ఆ సంగతి కనిపిస్తుంది. వేలాండ్ అయితే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌ను పూర్తిగా వదిలేయండి. వేలాండ్‌లో లేఅవుట్ పట్టికను ప్రతి ప్రోగ్రాముకూ డెస్క్‌టాపే స్వయంగా అందిస్తుంది. ఆ కమాండు ప్రభావం పాత ఎక్స్ ప్రోగ్రాముల కోసం నడిచే ఎక్స్‌వేలాండ్ వరకే పరిమితమవుతుంది, అదీ ఎక్కువసేపు నిలవదు. గ్నోమ్‌లో అయితే సెట్టింగులలో కీబోర్డు పేజీ తెరిచి, ఇన్‌పుట్ సోర్సులలో ఇంగ్లీషు కింద తెలుగును చేర్చి, సూపర్ మీటతో (విండోస్ గుర్తు ఉన్న మీటతో) స్పేస్ నొక్కి మార్చుకోవడం ఒక్కటే సరైన దారి. కేడీఈ డెస్క్‌టాప్‌లో సిస్టం సెట్టింగుల కీబోర్డు పేజీలో లేఅవుట్ల ట్యాబు ఇదే పని చేస్తుంది. వేలాండ్ వాడేవారికి సమస్య చాలావరకు ఇక్కడితోనే తీరిపోతుంది.

ఎక్స్ సెషన్ వాడేవారు పరీక్ష చేయాలి. టెర్మినల్‌లో సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి క్వెరీ అని రాస్తే ప్రస్తుతం అమలులో ఉన్న లేఅవుట్, వేరియంట్ (ఆ లేఅవుట్‌లోని ఉపరకం) కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసుకోండి. తెలుగుకు మారి ‘కలం’ టైపు చేసి, వస్తోందని నిర్ధారించుకోండి. ఇప్పుడు లేఅవుట్‌ను పోగొట్టే అవకాశం ఉన్న పనులను ఒక్కొక్కటిగా, ఒకదానితో ఒకటి కలపకుండా చేసి, ప్రతిదాని తరువాతా ‘కలం’ టైపు చేసి చూడండి: యూఎస్‌బీ కీబోర్డు తీసి పెట్టడం, కంప్యూటరును నిద్రపుచ్చి లేపడం, ఐబస్‌లో (టైపింగు పద్ధతులను మార్చే ప్రోగ్రాములో) భాష మార్చి తిరిగి రావడం, చివరగా లాగౌట్ అయి లాగిన్ కావడం. మూడు ఆంగ్లాక్షరాలు ఏ పని తరువాత కనబడితే, దోషం ఆ పని చేసే ప్రోగ్రాముది.

కీబోర్డు తీసి పెట్టినప్పుడు పోతోందంటే, ఎక్స్ సర్వరు దాన్ని కొత్త పరికరంగా భావించి, సిస్టం ఫైలులో ఉన్న లేఅవుట్‌ను దానికి ఇస్తోందని అర్థం. నిద్ర తరువాత పోయేదానికీ తరచుగా ఇదే కారణం, ఎందుకంటే నిద్రలో కరెంటు ఆగిన యూఎస్‌బీ కీబోర్డు లేచాక మళ్ళీ కొత్తగా నమోదవుతుంది. ల్యాప్‌టాప్ ఉన్నవారు దీన్ని సులువుగా రుజువు చేసుకోవచ్చు: ల్యాప్‌టాప్ సొంత మీటలతో తెలుగు వస్తూ, బయటి కీబోర్డుతో ఇంగ్లీషు వస్తే ఇక అనుమానం అక్కరలేదు.

దీనికి మందు సిస్టం ఫైలులో ఉంది. డెబియన్, ఉబుంటులలో అది ఈటీసీ డైరెక్టరీలోని డిఫాల్ట్ ఫోల్డరులో కీబోర్డ్ అనే పేరుతో ఉంటుంది. అందులో ఎక్స్‌కేబీలేఅవుట్ వరుసలో యుఎస్, కామా, ఇన్ అనీ, ఎక్స్‌కేబీవేరియంట్ వరుసలో ముందు కామా పెట్టి ఆ వెంటనే టెల్ అనీ ఉండాలి. ఆ కామా దగ్గర ఒక్క క్షణం ఆగండి. లేఅవుట్లు రెండు కాబట్టి వేరియంట్లకూ రెండు స్థానాలు ఉంటాయి. మొదటి స్థానాన్ని, అంటే యుఎస్‌కు చెందినదాన్ని, ఖాళీగా వదిలామని చెప్పేది ఆ కామాయే. కామా మరచిపోతే టెల్ వెళ్ళి యుఎస్‌కు అంటుకుంటుంది, యుఎస్‌లో అలాంటి వేరియంటే లేదు, దానితో పట్టిక తయారుకాదు. లేఅవుట్ నిలవడం లేదని బాధపడేవారిలో కొందరి సమస్య నిజానికి ఈ ఒక్క కామా. వేరియంట్ రాయకుండా ఇన్ అని మాత్రమే రాస్తే తెలుగు రాదు, సాధారణంగా దేవనాగరి అక్షరాలు వస్తాయి. యుఎస్‌ను ముందు పెట్టమనడానికీ కారణం ఉంది: లాగిన్ తెర ఈ ఫైలునే చదువుతుంది కనుక, తెలుగు ముందుంటే మీ పాస్‌వర్డును మీరే టైపు చేయలేని స్థితి ఏర్పడుతుంది. ఫైలును భద్రపరచి కంప్యూటరును రీస్టార్ట్ చేయండి. ఫెడోరాలో ఈ ఫైలు ఉండదు. అక్కడ లొకేల్‌సీటీఎల్ కమాండుకు సెట్-ఎక్స్11-కీమ్యాప్ అనే మాట ఇచ్చి, వరుసగా లేఅవుట్, మోడల్, వేరియంట్ చెబితే, ఆ కమాండే ఎక్స్ సర్వరు చదివే ఫైలును రాసిపెడుతుంది.

ఒక్క పట్టికలో నాలుగు లేఅవుట్లకు మించి పట్టవన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ, హిందీ నాలుగూ రాసేవారికి లెక్క సరిగ్గా సరిపోతుంది, ఐదోదానికి చోటుండదు.

భాష మార్చినప్పుడు పోతోందంటే చూడవలసింది ఐబస్ వైపు. తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మనలో చాలామంది ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఎమ్17ఎన్ అనే టైపింగు పద్ధతుల సంకలనం ద్వారా వచ్చే, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ వంటి పద్ధతులను కూడా ఉంచుకుంటాం. ఐబస్‌లోని ప్రతి ఇంజనూ (ఒక్కో టైపింగు పద్ధతిని నడిపే భాగం) తనకు ఏ లేఅవుట్ కావాలో తన వివరాలలో రాసుకుని ఉంటుంది. ఆర్‌టీఎస్‌కు మారినప్పుడు ఆ ఇంజను కోరిన మామూలు ఇంగ్లీషు పట్టికను ఐబస్ తెచ్చి నింపుతుంది, దానితో మనం ఎంతో శ్రమపడి పెట్టుకున్న పట్టిక పోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే వంటి డెస్క్‌టాపులలో ఐబస్ ప్రిఫరెన్సెస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబులో సిస్టం కీబోర్డు లేఅవుట్‌నే వాడమనే గడిలో టిక్కు పెడితే, ఐబస్ ఇక పట్టిక జోలికి రాదు. గ్నోమ్‌లో ఈ గడి కోసం వెతకకండి. 2012లో వచ్చిన 3.6 వెర్షను నుంచి ఐబస్ గ్నోమ్‌లో భాగమైపోయింది కాబట్టి, అక్కడ లేఅవుట్లూ ఐబస్ పద్ధతులూ అన్నీ ఇన్‌పుట్ సోర్సుల జాబితాలోనే ఉండాలి.

లాగిన్ అయినప్పుడు మాత్రమే పోతుంటే, డెస్క్‌టాప్ తన సొంత జాబితాను అమలు చేస్తోందన్నమాట. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కీబోర్డు సెట్టింగుల లేఅవుట్ ట్యాబులో సిస్టం డిఫాల్ట్‌లు వాడమనే మీట ఒకటి ఉంటుంది. అది వేసి ఉంటే సిస్టం ఫైలే ప్రమాణం, తీసి ఉంటే దాని కింద మీరు పేర్చుకున్న జాబితా ప్రమాణం. రెండింటిలో ఏది ఎంచుకున్నా తప్పులేదు. సిస్టం ఫైలులో ఒకటి, ఇక్కడ మరొకటి ఉంచి, ఏది గెలుస్తుందోనని ఎదురుచూడటం మాత్రం వద్దు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. పైన చెప్పిన నాలుగు పరీక్షలనూ సరిచేయకముందు ఒకసారి, సరిచేశాక ఒకసారి జరిపి, ఏ పని తరువాత ‘కలం’ వచ్చిందో, ఏ పని తరువాత రాలేదో పుస్తకంలో రాసి పెట్టుకోండి. అన్నీ సరిచేసినా భాష మార్చినప్పుడు లేఅవుట్ ఇంకా పోతోంటే, మీ కంప్యూటరులో ఐబస్‌కు బదులు అదే పని చేసే ఎఫ్‌సీఐటీఎక్స్5 ఉందేమో చూడండి. దానిలో ఎక్స్ సర్వరుతో మాట్లాడే ఎక్స్‌సీబీ భాగంలో సిస్టం లేఅవుట్‌ను తిరగరాయడానికి అనుమతి ఇచ్చే గడి ఒకటి ఉంటుంది. 5వ పాఠం ఆ గడితోనే మొదలవుతుంది.