హైదరాబాద్ జూ పార్కును ఒక్క పూటలో చూడాలంటే

నెహ్రూ జంతు ప్రదర్శనశాల సుమారు 380 ఎకరాలు. అంతా నడిచే చూద్దామంటే పిల్లలు సగంలోనే చతికిలబడతారు. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో గేటు తీసే వేళకే వెళ్లండి. ఎండెక్కితే పులి, సింహం నీడ వెతుక్కుని పడుకుంటాయి, తోక తప్ప ఏమీ కనపడదు. అందుకే ముందు పెద్ద జంతువులు, తర్వాత పక్షులు, మధ్యాహ్నానికి నిశాచర జంతుశాల. దూరాలకు బ్యాటరీ బండి ఎక్కండి. సఫారీకి వేరే టికెట్. రద్దీ పెరగకముందే తీసుకోవాలి.

నిశాచర శాలను హడావిడిగా దాటేయకండి. అక్కడ రాత్రిని పగలుగా మారుస్తారు: రాత్రంతా దీపాలు, పగలు మసక వెలుతురు. అందుకే పునుగు పిల్లి, దేవాంగ పిల్లి మనం వెళ్లేసరికి మేలుకుని ఉంటాయి. లోపలికి వెళ్లగానే ఏమీ కనిపించదు. ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఫోన్ లైటు వేస్తే మీ చూపూ పోతుంది, అవీ బెదిరి దాక్కుంటాయి.

ఈ జూకు మూలం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, అంటే బాగ్-ఎ-ఆమ్. అక్కడి జంతువులకు చోటు చాలక, 1959లో మీరాలం చెరువు పక్కన కొత్త పార్కు పనులు మొదలుపెట్టారు. 1963 అక్టోబర్ 6న జనానికి తెరిచారు. ఆ చెరువు కట్టను తప్పక చూడండి: నీటి వైపుకు ఉబ్బిన అర్ధచంద్రాకారపు రాతి కమానుల వరుస, 1800ల తొలినాళ్ల కట్టడం.