డిఫెన్స్ సాఫ్ట్‌వేర్‌లోకి రావాలంటే ముందు పదో తరగతి మెమో తీయండి

నేను డిఫెన్స్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. సెలవులకి గుంటూరు వస్తే బ్రాడీపేటలో మా ఇంటికి బీటెక్ పిల్లలు వస్తుంటారు. "అక్కా, డిఫెన్స్‌లోకి వెళ్లాలంటే ఏ కోర్సు చేయాలి?" అని అడుగుతారు. నేను ముందు పదో తరగతి మెమో చూపించమంటాను.

నా మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఉద్యోగం ఖాయమయ్యాక వెరిఫికేషన్‌లో ఆ తేడా దగ్గరే నా ఫైలు ఆగిపోయింది. రెండు నెలలు ఇంట్లో అందరికీ టెన్షన్. మెమో, ఆధార్, డిగ్రీ పట్టా అన్నిట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే చదువుతుండగానే సరిచేయించుకోండి.

ఇక చదువు సంగతి. పైథాన్ టెస్టింగ్‌కి బాగా పనికొస్తుంది. డిఫెన్స్ పరికరం లోపల నడిచేది మాత్రం ఎక్కువగా సీ, సీ ప్లస్ ప్లస్. సీ వచ్చని అందరూ అంటారు గానీ, మిస్రా సీ (సీ కోడ్ భద్రంగా రాయడానికి పెట్టిన నియమాలు) చదివినవాళ్లు తక్కువ. అందులో మాలాక్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగే ఫంక్షన్) వాడొద్దంటారు. గాల్లో ఎగురుతున్న దానికి మధ్యలో మెమరీ దొరక్కపోతే రీస్టార్ట్ చేయడానికి అక్కడ మనిషి ఉండడు కదా!

ఒక ఎస్‌టీఎం32 బోర్డు (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) కొని ఫ్రీఆర్‌టీఓఎస్ (పనుల్ని సమయానికి నడిపించే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించండి. ఒక టాస్కు ప్రతి 10 మిల్లీసెకన్లకు సెన్సర్ రీడింగ్ తీసుకోవాలి, ఇంకోటి దాన్ని సీరియల్ పోర్టులో పంపాలి. అది నడిచాక సెన్సర్ వైరు పీకేయండి. ప్రోగ్రామ్ పాత విలువనే పంపుతూ కూర్చుందా, తప్పు జరిగిందని చెప్పిందా? ఇంటర్వ్యూల్లో నేను అడిగేది ఇదే. బాగా చదివిన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతుంటే నాకు బాధేస్తుంది.

విమానంలో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1553 బస్ గురించి కూడా చదవండి. బస్ కంట్రోలర్ అడిగితే తప్ప దానికి తగిలించగల 31 టెర్మినళ్లలో (పరికరాల్లో) ఏదీ నోరు విప్పదు. వేగం సెకనుకు 10 లక్షల బిట్లే. కానీ ఏ సమాచారం ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది, ఈ పనిలో కావాల్సింది అదే.

దారులు చాలానే ఉన్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి పోస్టుకి గేట్ స్కోరు, ఇంటర్వ్యూ. ప్రభుత్వ రక్షణ ఎలక్ట్రానిక్స్ కంపెనీ బీఈఎల్ కాంట్రాక్టు మీద ట్రైనీ ఇంజనీర్లను తీసుకుంటుంది, దాని యూనిట్ ఒకటి మన మచిలీపట్నంలోనే ఉంది. అప్రెంటిస్‌షిప్ ఉంది. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలున్నాయి, 2018లో మొదలైన రక్షణ శాఖ ఐడెక్స్ పథకంతో స్టార్టప్‌లకీ ఈ పని వస్తోంది. డబ్బు కడితే లోపల ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

చేరాక రాసిన కోడ్ బయట ఎవరికీ చూపించలేరు. గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ చూపించే వెబ్‌సైట్) పెట్టాలనుకున్నవి ఇప్పుడే పెట్టేయండి. సంక్రాంతికి మళ్లీ వస్తాను. ఆ బోర్డు తెచ్చేటప్పుడు ఏమేం టెస్ట్ చేశారో, ఎక్కడ ఫెయిలైందో రాసిన కాగితం కూడా పట్టుకురండి. కోడ్ కంటే ముందు అదే చూస్తాను.