పాత ఫేసిట్ లెక్కల మిషన్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఏళ్ల తరబడి అలమరలో పడి ఉన్న చేతి లెక్కల మిషన్‌ను బయటికి తీసి హ్యాండిల్ తిప్పితే చాలాసార్లు కదలదు. అక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, బలంగా తిప్పడం. రెండు, సందుల్లో నూనె పోయడం. దయచేసి ఈ రెండూ చేయకండి. ఈ మిషన్లలో విరిగిన భాగం కనిపించడం అరుదు. అప్పట్లో వేసిన నూనె గాలి తగిలి, దుమ్ము కలిసి బంకలా గట్టిపడటమే అసలు జబ్బు. దాన్ని తీయకుండా కొత్త నూనె పోస్తే బంక మెత్తబడి ఇంకా లోపలికి పాకుతుంది.

నేను రాస్తున్నది ముఖ్యంగా స్వీడన్‌లో తయారైన ఫేసిట్ చేతి మిషన్ గురించి. ఒకప్పుడు మన యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు దాని చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఓడ్నర్, బ్రున్స్‌విగా మిషన్లలోనూ సూత్రం ఒకటే. మనం పెట్టిన అంకె ఎంతో, రోటర్ చక్రం (హ్యాండిల్ తిప్పితే లోపల తిరిగే పళ్ల చక్రం) నుంచి అన్ని పళ్లు బయటికి వస్తాయి. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే ఆ పళ్లు ఫలితం చక్రాన్ని అన్ని గడులు జరుపుతాయి. ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత.

హ్యాండిల్ అసలు తిరగడం లేదు

ముందు తాళం పడిందేమో చూడండి. ఎవరో సగం చుట్టు తిప్పి వదిలేసి ఉండవచ్చు. అలాంటప్పుడు మొదలుపెట్టిన దిశలోనే మెల్లగా పూర్తి చేయాలి, వెనక్కి లాగకూడదు. సున్నా చేసే మీట పూర్తిగా తన చోటికి రాకపోయినా, రోటర్ రెండు స్థానాల మధ్య ఆగినా హ్యాండిల్ కదలదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తిరగకపోతే అది బంకే. పై కవర్ స్క్రూలు విప్పండి. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. లోపలి రోటర్‌ను మాత్రం విడదీయవద్దు. తిరిగి అమర్చడం అలవాటున్న మెకానిక్‌కే కష్టం.

పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్‌ను చిన్న బ్రష్‌తో ఇరుసుల దగ్గర రాసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా కదిపి చూడండి. కదలకపోతే మళ్లీ రాయండి. మూడు నాలుగు రోజులు పట్టినా తొందరపడవద్దు. పెట్రోల్ జోలికి పోవద్దు, నిప్పు ప్రమాదం. థిన్నర్, అసిటోన్ తగిలితే కీల ప్లాస్టిక్ కరుగుతుంది, అంకెల రంగు ఊడిపోతుంది. టర్పెంటైన్‌ను కూడా ముందు కనిపించని మూల కొంచెం రాసి చూశాకే వాడండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి.

అంకె నొక్కితే కీ పైకి రావడం లేదు, రోటర్ పక్కకు జరగడం లేదు

ఫేసిట్‌లో అంకె నొక్కగానే రోటర్ ఒక స్థానం పక్కకు జరగాలి. అది జారే కడ్డీ మీద బంక ఉంటే ఆగిపోతుంది. కడ్డీని గుడ్డతో శుభ్రంగా తుడిచి, నూనె తడి మాత్రం తగిలించండి. కీ తిరిగి పైకి రాకపోతే దాని కాడ కదిలే సందును టర్పెంటైన్‌తో కడగండి. స్ప్రింగ్ బలహీనపడిందని లాగి సాగదీయవద్దు. బంక పోయాక చాలావరకు ఆ స్ప్రింగే సరిపోతుంది.

లెక్క తప్పు వస్తోంది

అసలైన పని ఇక్కడే ఉంది. కూడికలో మనం ‘ఐదు వేసి ఒకటి చేతిలో’ అనుకుంటాం కదా, మిషన్ కూడా అదే చేస్తుంది. ఫలితం చక్రం 9 దాటి 0కి రాగానే ఒక చిన్న మీటను తోస్తుంది. ఆ మీట రోటర్ మీద ఒక అదనపు పన్నును పక్కకు జరుపుతుంది. ఆ పన్నే ఎడమ చక్రాన్ని ఒక గడి తిప్పుతుంది. ఈ మీటలు సన్నవి, బరువు లేనివి. కొంచెం బంక ఉన్నా బద్ధకిస్తాయి.

పరీక్ష సులువు. ఫలితం అంతా సున్నాలు చేసి, 1 పెట్టి వెనక్కి ఒక చుట్టు తిప్పండి. వరసగా 9లు రావాలి. మళ్లీ ముందుకు ఒక చుట్టు తిప్పితే అన్నీ సున్నాలు కావాలి. 9ల వరస మధ్యలో తెగి, 0000099999 లాగా వస్తే, చివరి 9కీ దాని ఎడమ సున్నాకీ మధ్య ఉన్న మీటను పట్టుకోండి. కొన్ని నమూనాల్లో ఈ వరస ఎడమ చివర కొన్ని గడుల ముందే ఆగుతుంది. అది తయారీలోనే అంత, లోపం కాదు. రోటర్‌ను పక్కకు జరిపి మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది.

రెండు దిశల్లోనూ అదే చోట తప్పితే తప్పు మీటది. ఒక్క దిశలోనే తప్పితే మీట బాగానే ఉందని అర్థం. కూడికకు ఒకటి, తీసివేతకు ఒకటి చొప్పున రోటర్ మీద రెండు అదనపు పళ్లుంటాయి. వాటిలో ఒకటి పట్టేసింది. దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది. అవసరం లేకపోయినా ప్రతి చుట్టుకీ ఎడమ గడిలో ఒకటి పెరుగుతుంటే, మీట తోసిన చోటే ఉండిపోయి వెనక్కి రావడం లేదు. అన్నిటికీ మందు ఒకటే: ఆ ఒక్క చోట టర్పెంటైన్ చుక్క, వేలితో నెమ్మదిగా కదపడం, బ్రష్‌తో తుడవడం, మళ్లీ పరీక్ష.

నెమ్మదిగా తిప్పితే సరైన జవాబు, వేగంగా తిప్పితే తప్పు వస్తుంటే కథ వేరు. చక్రాన్ని గడి దగ్గర ఆపే కొక్కెం వదులైంది, లేదా దాని స్ప్రింగ్ అలసిపోయింది. అంకెలు కిటికీలో సగం పైకి సగం కిందికి కనిపించడం కూడా దీని గుర్తే. ముందు శుభ్రం చేయండి. అప్పటికీ పోకపోతే తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి.

శుభ్రం చేశాక నెల బాగుంది, మళ్లీ బిగుసుకుంది

కరిగిన బంకను బయటికి తుడవకుండా లోపలే ఆరనిస్తే ఇలాగే అవుతుంది. టర్పెంటైన్ నల్లగా రావడం ఆగేవరకు కడగాలి, ఒక రోజంతా ఆరనివ్వాలి. తప్పుడు నూనె రెండో కారణం. నా దగ్గరికి వచ్చిన ఒక మిషన్‌కు ఎవరో కొబ్బరినూనె వేశారు. చలికాలం ఉదయాల్లో కదిలేది కాదు, మధ్యాహ్నానికి కదిలేది. దాన్ని మొత్తం మళ్లీ కడగాల్సి వచ్చింది. వంటనూనె, కొబ్బరినూనె ఏవీ వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలను నూనెగా లెక్కపెట్టకండి.

కుట్టుమిషన్ నూనె చాలు. సూది మొనను ముంచి, ఇరుసు తిరిగే చోట మాత్రమే ఒక బొట్టు. హ్యాండిల్ గేరు పళ్లకు పల్చగా గ్రీజు. అదనపు పళ్లను జరిపే చిన్న మీటలకు నూనె తడి కూడా వద్దు, పొడిగా ఉంటేనే చురుగ్గా ఉంటాయి. అంకెల చక్రాల ముఖాలకూ అంతే.

కవర్ వేసేముందు 12345679ని 63తో గుణించి చూడండి: మూడు చుట్లు, ఒక స్థానం ఎడమకు, ఆరు చుట్లు. కిటికీలో 777777777 కనబడితే స్క్రూలు బిగించండి.