తొంభై రోజుల లెక్క: ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కునే మనోళ్లకి

అమెరికాలో చదువు ముగిశాక చదివిన రంగంలో ఏడాది పనిచేయనిచ్చే అనుమతి ఓపీటీ. అందులో ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులే ఉండనిస్తారు. పని అనుమతి కార్డు, అదే ఇఏడీ, కవరు చించగానే అందరూ ముందు ఫొటో చూసుకుంటారు. తర్వాత ఫోన్లో ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడతారు. ఆ పని చేయొద్దు, నంబర్లన్నీ దాని మీదే ఉంటాయి. చూడాల్సింది ‘వాలిడ్ ఫ్రమ్’ అన్న చోట ఉన్న తేదీ. ఆ రోజు నుంచి ఉద్యోగం లేని ప్రతి రోజూ మీ తొంభైలోంచి కరుగుతుంది.

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, గదిలో వాటా... ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఈ లెక్క మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. కార్డు మీద జూన్ 15 ఉందనుకోండి. జూన్ 15 ఒకటో రోజు. జూన్ నెలాఖరుకి 16, జూలై ముగిసేసరికి 47, ఆగస్టు ముగిసేసరికి 78. సెప్టెంబరు 12 తొంభయ్యో రోజు. శని, ఆదివారాలు, పండగ సెలవులు అన్నీ అందులోనే. చెల్లెలి పెళ్లికని కావలి వెళ్లి మూడు వారాలు ఉన్నా, ఉద్యోగం లేకపోతే ఆ రోజులూ పడతాయి. పైగా ఉద్యోగం లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలో జవాబు చెప్పుకోవాలి. ఇంకో సంగతి: ఉద్యోగం ఉండి కూడా, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు అయిన సెవిస్‌లో కంపెనీ పేరు ఎక్కించకపోతే రికార్డులో మీరు ఖాళీగా ఉన్నట్టే. చేరిన 10 రోజుల్లోగా, విద్యార్థులు తమ వివరాలు నింపే సెవ్‌ప్ పోర్టల్‌లో పెట్టాలి.

మొదలు తేదీ మన చేతిలో ఉందని చాలామందికి తెలియదు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు ఓపీటీ దరఖాస్తు ఫారం ఐ-765 వేసుకోవచ్చు. కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫార్సు పెట్టాక 30 రోజుల్లోగా అది ఇమిగ్రేషన్ వాళ్లకి చేరాలి. దరఖాస్తు తొందరగా వేయండి, మొదలు తేదీ మాత్రం ఆలస్యంగా అడగండి. మే 9న చదువు ముగిస్తే మే 10 నుంచి జూలై 8 వరకు ఏ రోజైనా కోరుకోవచ్చు. చేతిలో ఆఫర్ లేనివాడు మే 10 అని రాస్తే 59 రోజులు ఊరికే పారబోసినట్టే. ఎవడో సీనియర్ మే 10 పెట్టాడని మీరూ పెట్టకండబ్బా, వాడికి ఆఫర్ ఉంది.

ఇక అరవయ్యో రోజు దాటాక కన్సల్టెన్సీ నుంచి వచ్చే ఫోను గురించి. నన్నడిగితే అసలు భయపడాల్సింది దీనికే. అవతల మాట్లాడేది మన భాషే, బహుశా మన జిల్లానే. ‘ఏం పర్లేదు తమ్ముడూ, మా కంపెనీ పేరు సెవిస్‌లో పెట్టుకో, గడియారం ఆగిపోద్ది. ట్రైనింగ్ ఇస్తాం, రెజ్యూమెలో ఏడేళ్లు వేస్తాం, ఇంటర్వ్యూలో పక్కన మనోడు కూర్చుంటాడు’ అంటాడు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చినవాడికి ఆ మాట తియ్యగానే ఉంటుంది.

పొగాకు బేలులో పైన పసుపుపచ్చ మేలి ఆకు పేర్చి, లోపల మాడిన ఆకు కుక్కితే కందుకూరు వేలంలో ఒక రోజు దాటిపోవచ్చు. కొన్నవాడు గోడౌన్లో బేలు విప్పడమైతే ఖాయం. ఇక్కడ బేలు విప్పేది ఒక్కరు కాదు. ఇవాళ సెవిస్‌లో పెట్టిన కంపెనీ, రేపు ఏడాది జీతం చూపే డబ్ల్యూ-2 ఫారంలో కనిపించాల్సిన జీతం, వీసా స్టాంపింగ్‌కి డీఎస్-160లో రాసే ఉద్యోగాల వరస, ఉద్యోగ వీసా హెచ్‌1బీ పిటిషన్‌తో పంపే రెజ్యూమె, ఎన్నో ఏళ్ల తర్వాత గ్రీన్‌కార్డు ఫారం. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. సెవిస్‌లో పది నెలల ఉద్యోగం ఉండి డబ్ల్యూ-2 లేకపోతే అడిగే ప్రశ్నకి జవాబుండదు. రెజ్యూమెలో 2017 నుంచి అనుభవం, డిగ్రీ మెమోలో బీటెక్ 2022. అది చూసి పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

‘అందరూ చేస్తున్నారు కదా’ అంటారు. 2020 అక్టోబరులో ఇమిగ్రేషన్ పోలీసులైన ఐస్ అధికారులు ‘ఆపరేషన్ ఆప్టికల్ ఇల్యూజన్’ పేరుతో, ఉనికిలో లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపిన 15 మంది ఓపీటీ విద్యార్థుల్ని అరెస్టు చేశారు. అందులో 11 మంది మన దేశంవాళ్లే. వాళ్లకీ ఎవరో ‘అందరూ’ అనే చెప్పి ఉంటారు.

అలాంటి కంపెనీని గుర్తుపట్టడం కష్టం కాదు. పని ఇవ్వడానికి మీ దగ్గరే డబ్బు అడుగుతుంది. ఎక్కడ కూర్చుని, ఎవరి కింద, ఏం పని చేయాలో ఆఫర్ లెటర్లో రాయదు. మధ్యలో మానేస్తే కట్టమని ముందే చెక్కు రాయించుకుంటుంది. ‘నాలుగు కంపెనీల నుంచి నీకు హెచ్‌1బీ లాటరీ వేయిస్తాం’ అంటే ఇంక ఫోను పెట్టేయండి. 2024 నుంచి హెచ్‌1బీ డ్రా మనిషికే, పాస్‌పోర్టు నంబరును బట్టి. నాలుగు కంపెనీలు వేసినంత మాత్రాన అవకాశం పెరగదు. రిజిస్ట్రేషన్‌కి 215 డాలర్లు కట్టాల్సింది కూడా కంపెనీయే, మీరు కాదు.

మరి గడియారం ఆపేదెలా? నిజాయితీ దారి ఒకటుంది, జీతం లేదని ఎవరూ దాని వంక చూడరు. మామూలు ఓపీటీలో వారానికి కనీసం 20 గంటలు మీ చదువుకు సంబంధించిన పని చేస్తే చాలు, జీతం లేకపోయినా లెక్కలోకి వస్తుంది. మీ ప్రొఫెసరు ల్యాబులో డేటా శుభ్రం చేసే పని, లాభాపేక్ష లేని సంస్థకి వెబ్‌సైటో డేటాబేసో చూసిపెట్టే పని అడగండి. లాభాల కోసం నడిచే కంపెనీలో ఊరికే చేయడం మాత్రం వద్దు, కార్మిక చట్టాలు అడ్డొస్తాయి. లెటర్‌హెడ్ మీద మూడు విషయాలు రాయించుకోండి: మొదలుపెట్టిన తేదీ, వారానికి గంటలు, పనికీ మీ డిగ్రీకీ ఉన్న సంబంధం. ఏ రోజు ఏం చేశారో మీరూ ఒక షీట్‌లో రాసుకోండి. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవాళ్లకి వచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపులో ఈ వెసులుబాటు లేదు. అక్కడ జీతం తప్పనిసరి, కంపెనీకి ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అనుమతిని ప్రభుత్వంతో సరిచూసుకునే పద్ధతి) ఉండాలి, ఐ-983లో శిక్షణ ప్రణాళిక రాసి సంతకం పెట్టాలి. ఆ 24 నెలలకి ఇంకో 60 రోజులు కలుస్తాయి, మొత్తం 150. మొదటి ఏడాది 80 వాడేసుకుంటే మిగిలేది 70.

రెజ్యూమె ఒక పేజీ. ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివర ‘పై వివరాలు నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న వాక్యం తీసేయండి. దరఖాస్తులో రెండు ప్రశ్నలుంటాయి. ‘ఇక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా?’ ఉంది. ‘ఇప్పుడు గానీ తర్వాత గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?’ కావాలి. రెండోదానికి వద్దని కొట్టి, ఆఫర్ వచ్చాక బయటపెట్టి ఆఫర్ పోగొట్టుకోవడం కంటే, ముందే స్పాన్సర్ చేసే కంపెనీలు చూసుకోవడం మేలు. ఇమిగ్రేషన్ వాళ్ల హెచ్‌1బీ ఎంప్లాయర్ డేటా హబ్‌లో కంపెనీ పేరు కొడితే ఏ ఏడాది ఎన్ని ఆమోదం పొందాయో వస్తుంది. కార్మిక శాఖ పెట్టే, కంపెనీలు హెచ్‌1బీకి ముందు వేసే జీతం దరఖాస్తుల ఎల్‌సీఏ ఫైళ్లలో హోదా, ఊరు, జీతం కూడా ఉంటాయి. జీతం ఎందుకంటే, 2026 నుంచి డ్రాలో జీతం లెవెల్‌ని బట్టి చీటీలు (ఒకటో లెవెల్ తక్కువ జీతం, నాలుగోది ఎక్కువ). ఒకటో లెవెల్‌కి ఒక చీటీ, నాలుగో లెవెల్‌కి నాలుగు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, ఆ తర్వాత ప్రతి కౌంటర్లోనూ అదే తంటా. ఇంకా నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్నవాళ్లు బయల్దేరకముందే సరిచేయించుకోండి.

ఉద్యోగం వచ్చాక మొదటి పే స్లిప్ చదవండి. విద్యార్థి వీసా ఎఫ్‌1 మీద వచ్చినవాళ్లకి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోత ఉండదు. వచ్చిన ఏడాది డిసెంబరులో దిగినా అది ఒక ఏడాదే. 3,000 డాలర్ల చెక్కులో 229.50 పోతోందంటే పేరోల్ వాళ్లకి చెప్పి ఆపించండి. పన్ను రిటర్ను నాన్‌రెసిడెంట్ల ఫారం 1040-ఎన్‌ఆర్. మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ కూడా వస్తుంది. రూమ్మేట్ వాడిన సాఫ్ట్‌వేర్‌లో నొక్కేస్తే మామూలు 1040 వెళ్లిపోతుంది, జాగ్రత్త.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. తొంభై దగ్గరపడినంత మాత్రాన బతుకు తెల్లారిపోదు. అవి అయిపోకముందే ఇంకో కోర్సులో సీటు తెచ్చుకుని సెవిస్ రికార్డు అక్కడికి మార్పించుకోవచ్చు. లేదంటే గడువు లోపల ఇంటికెళ్లిపోవచ్చు. ఖాళీ చేతుల్తో వెళ్లినా శుభ్రమైన రికార్డుతో వెళ్తే మళ్లీ వీసాకి నిలబడొచ్చు. పక్క బెంచీవాడికి ఉద్యోగం మూడో వారంలో వచ్చింది, మీకు పదకొండో వారంలో రావచ్చు. ఈలోగా నాన్నకి వడ్డీ సంగతి దాచకుండా చెప్పండి. నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో మీ కోసం ఉద్యోగ రొట్టె పట్టుకున్న అమ్మకి మాత్రం ఈ తొంభై రోజుల లెక్క చెప్పి నిద్ర చెడగొట్టకండి.

అరవయ్యో రోజు వస్తే కన్సల్టెన్సీకి కాదు, డీఎస్‌ఓకి మెయిల్ పెట్టండి. ఎన్‌తో మొదలయ్యే మీ సెవిస్ నంబరు, కార్డు మీది మొదలు తేదీ, ఇప్పటిదాకా వాడిన రోజులు మొదటి వాక్యంలోనే ఉండాలి. మీ కష్టాల కథ రెండో పేరాలో రాసుకోండి.