లుకవుట్ మౌంటెన్‌లో అద్దె ఇల్లా? ముందు అడ్రస్ చూడండి

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో ఉద్యోగం వచ్చి, పక్కనే ఉన్న లుకవుట్ మౌంటెన్ మీద అద్దె ఇల్లు చూస్తున్నారా? ముందు అడ్రస్‌లో టీఎన్ అని ఉందో, జీఏ అని ఉందో చూడండి. కొండ మీద అదే పేరుతో రెండు ఊళ్లున్నాయి, ఒకటి టెనెసీది (టీఎన్), పక్కది జార్జియా రాష్ట్రానిది (జీఏ). టెనెసీలో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. జార్జియా వైపు కాపురం పెడితే మాత్రం, ఆఫీసు చట్టనూగాలోనే ఉన్నా, జార్జియాకు కట్టాల్సిందే. అద్దె వంద డాలర్లు తక్కువని మురిసిపోకుండా ఏడాది లెక్క వేసుకోండి. పిల్లల స్కూలూ రాష్ట్రాన్ని బట్టే.

ఇంకోటి, ఇల్లు చూడ్డానికి ఎండ కాసే మధ్యాహ్నం కాదు, పొగమంచు పట్టిన పొద్దున వెళ్లండి. మలుపుల్లో బానెట్ ముందు అంతా తెల్లగా ఉంటుంది. రోజూ దిగాల్సింది ఆ దారినే.